పొలిమేర దాటిస్తే తీరే బాధలు కావివి

నెల్లూరు తీరపు పట్నాల్లో బిచ్చగాళ్లు, చెత్త: రెంటికీ ఒకటే మందా?

(మా ప్రతినిధి)

నెల్లూరు జిల్లా తీరంలోని ఏ చిన్న పట్నానికి వెళ్లినా, నలుగురు కూర్చున్న చోట రెండు ఫిర్యాదులు జంటగా వినవస్తాయి. బిచ్చగాళ్లు ఎక్కువైపోయారన్నది ఒకటి. చెత్త గుట్టలుగా పేరుకుపోతోందన్నది రెండోది. కావలి ట్రంకురోడ్డు మీది దుకాణదారులైనా, రైలు దిగి ఊళ్లోకి నడిచే ప్రయాణికులైనా, జొన్నవాడ కామాక్షమ్మ దర్శనానికి, మైపాడులో సముద్ర స్నానానికి వెళ్లివచ్చే పల్లె జనమైనా ఈ రెండింటినీ ఒకే గుక్కలో చెబుతారు. చెప్పి, వీటిని ఎవరో ఒకరు ఇక్కడినుంచి తీసేస్తే బాగుండునని ముక్తాయిస్తారు.

ఈ ఫిర్యాదుల్లో నిజం లేకపోలేదు. బస్సు కోసం నిలబడ్డ ఆడకూతురి కొంగు పట్టుకుని, డబ్బిస్తే గాని కదలనివ్వకపోతే ఆమెకు భయమే కలుగుతుంది. పసిబిడ్డను చంకన వేసుకుని మరో పిల్లచేత చేయి చాపించేవారిని చూస్తే, ఆ బిడ్డ ఎవరి బిడ్డో అన్న అనుమానమూ కలుగుతుంది. హోటలు పక్కన ఎంగిలాకులు, కూరగాయల మార్కెట్టు వెనక కుళ్లిన టమోటాలు, వాటి మీద పందులు, దోమలు. ముక్కు మూసుకోకుండా ఆ దారిన పోలేని స్థితి. పన్ను కట్టే పౌరుడు అడగడంలో తప్పేముంది?

అడగడంలో తప్పు లేదు. అయితే ఏమి చేయమని అడుగుతున్నామన్నది ఆలోచించవలసిన విషయం. చెత్తను ట్రాక్టరులో పోసి ఊరి బయట దింపి వస్తే పట్నం శుభ్రమైనట్టే. బిచ్చగాళ్లను వ్యానులో ఎక్కించి మరో ఊరి దగ్గర దించి వస్తే పట్నం ప్రశాంతమైనట్టే. రెండు బాధలకూ పట్నం వాడే మందు ఒక్కటే: పొలిమేర దాటించడం. ఆ పొలిమేర అవతల ఉన్నది మన పల్లెలే కనుక, దీనిని పట్నంవాళ్ల గొడవగా పల్లె పాఠకులు వదిలేయడానికి వీల్లేదు.

సాగనంపే ఆచారం

కలరా, మశూచి ఊళ్లను తుడిచిపెట్టే రోజుల్లో మన పల్లెల్లో ఒక ఆచారం ఉండేది. అమ్మవారికి జాతర చేసి, బొమ్మను చిన్న బండి మీదనో గంపలోనో పెట్టి, డప్పులతో పొలిమేర దాకా సాగనంపేవారు. అవతలి ఊరివాళ్లు కాపు కాసి, ఆ బండిని తమ ఊళ్లోకి రానివ్వకుండా మరో ఊరి హద్దుకు తోసేవారు. ఈ తోపులాటలో ఊరికీ ఊరికీ పోట్లాటలూ వచ్చేవి. బండి ఎన్ని పొలిమేరలు దాటినా జబ్బు మాత్రం పోలేదు. టీకాలు ఇంటింటికీ వచ్చాక మశూచి పోయింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమి మీద ఆ వ్యాధి లేదని ప్రకటించింది. మంచినీళ్లు బాగుపడ్డాక కలరా తగ్గింది.

ఆ బండి ఆచారం చాలా ఊళ్లలో పోయింది కాని ఆ ఆలోచన పోలేదు. ఇప్పుడు ఆ బండిలో ఒకసారి చెత్త, ఒకసారి మనుషులు.

చెత్త ఎక్కడికి పోతుంది?

పట్నం బయటికి పోయిన చెత్త గాలిలో కలిసిపోదు. చెరువు కట్ట పక్కన, వాగు ఒడ్డున, హైవే అంచున, లేకుంటే నోరులేని పేదల కాలనీ పక్కన పడుతుంది. ఎండాకాలం దానికి నిప్పు పెడతారు. ప్లాస్టిక్కు కాలిన పొగ పక్క పల్లె పీలుస్తుంది. వానాకాలం అదే చెత్త కొట్టుకుపోయి మురుగు కాలువలో, అక్కడినుంచి పంటకాలువలో పడుతుంది. తూము దగ్గర సంచులు అడ్డుపడితే చివరి మడికి నీళ్లందవు. ఆ నష్టం భరించేది రైతు.

పంటకాలువ దాటినది బకింగ్‌హాం కాలువకు చేరుతుంది. ఒకప్పుడు ఈ కాలువ మీద ధాన్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో మద్రాసు దాకా పోయేవి. నేడు పడవలు లేవు. తీరం వెంబడి ఊళ్లు వదిలిన మురుగు మాత్రం ఉంది. అక్కడినుంచి ఉప్పుటేళ్ల గుండా సముద్రానికి. సముద్రం ఏదీ కడుపులో దాచుకోదని పట్టపుపాళెం పెద్దలు అంటారు. అలలు తిరిగి ఒడ్డుకు తోసినది తోయగా, మిగిలినది వలలో పడుతుంది. వల లాగినప్పుడు చేపలతోబాటు సంచులు, సీసాలు, తెగిన నైలాను తాళ్లు వస్తే వాటిని ఏరి పారేసే పని, వల చినిగితే కుట్టుకునే పని బెస్తవాడిదే. పట్నంలో టీ తాగి విసిరిన గ్లాసుకు ఖరీదు చెల్లించేది తుమ్మలపెంటలోనో మైపాడులోనో వల వేసే మనిషి.

పశువుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అన్నం మెతుకులు అంటుకున్న సంచిని ఆవు సంచితో సహా మింగుతుంది. అది కడుపులో అరగదు, బయటికి రాదు. మేత ఎందుకు మానిందో తెలియక రైతు డాక్టరు చుట్టూ తిరుగుతాడు.

నిబంధనలకు కొదవ లేదు

చట్టాలు లేక ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. ఇంట్లోనే తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని, పురపాలక సంఘం ఇంటింటికీ వచ్చి తీసుకోవాలని 2016లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. పెద్ద నగరాలకే కాక యాత్రా స్థలాలకు కూడా వాటిని వర్తింపజేసింది. వీధి వ్యాపారి తన బండి దగ్గర డబ్బా పెట్టుకోవాలని, వందమందికి మించి జనం చేరే కార్యక్రమం తలపెట్టేవారు మూడు రోజుల ముందే స్థానిక సంస్థకు తెలియజేసి, చెత్త వేరు చేయించాలని కూడా అందులో రాశారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్కు గ్లాసులు, పళ్లేలు, స్పూన్లు, స్ట్రాలు వంటి 19 రకాల వస్తువులను నిషేధించారు. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని చేతిసంచులు అమ్మరాదన్నారు.

ఆచరణ ఎలా ఉందో చూడాలంటే ఏదైనా తిరునాళ్ల మర్నాడు వెళ్లి చూడవచ్చు. కార్తీక పౌర్ణమి స్నానాలైన మర్నాటి సముద్రపుటొడ్డు, అన్నదానం ముగిసిన గుడి ప్రాంగణం ఎవరికి తెలియవు? నిషేధించిన గ్లాసులోనే భక్తుడికి మజ్జిగ ఇస్తారు. పుణ్యం దాతకు, గ్లాసు కాలువకు.

డబ్బు సంగతికి వస్తే, 2021లో పట్నాల్లో చెత్త సేకరణకు నెల నెలా రుసుము వసూలు మొదలైంది. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టి ఛీత్కరించారు. 2024 డిసెంబరు ఆఖరుతో ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. పన్ను పోయిందని అందరూ సంతోషించారు. అయితే పన్ను పోయినా పని పోలేదు. బండికి డీజిలు, కార్మికుడికి జీతం ఎక్కడినుంచో రావాలి. ఎక్కడినుంచి వస్తోంది, ఎంత వస్తోంది, ఎలా ఖర్చవుతోందని కౌన్సిలు సమావేశంలో లెక్క అడిగేవారు ఉన్నప్పుడే ఆ డబ్బు చెత్త మీద ఖర్చవుతుంది.

ఈ పని చేసే మనుషుల విలువ మనకు 2023 డిసెంబరు చివరి వారంలో తెలిసివచ్చింది. రాష్ట్రంలో పురపాలక పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేస్తే, సంక్రాంతి ముందు దాకా పట్నాలన్నీ ముక్కు మూసుకున్నాయి. రోజూ తెల్లవారుజామున ఎవరో ఎత్తుతున్నారు కనుకనే మనం పారేయగలుగుతున్నామని అప్పుడు అర్థమయింది. సమ్మె ముగిసింది, ఆ సంగతి మరుగున పడింది.

చేసి చూపినవాళ్లు

ఇది జరిగే పని కాదని నిట్టూర్చేవారికి రెండు ఊళ్ల కథ చెప్పవలసి ఉంది.

గుజరాతులోని సూరతులో 1994 సెప్టెంబరులో ప్లేగు పుట్టింది. లక్షల మంది ఊరు వదిలి పారిపోయారు. వరద నీరు దిగాక కుళ్లిన చెత్త వీధుల్లోనే ఉండిపోయిన మురికి నగరమది. మరుసటి సంవత్సరం ఎస్‌.ఆర్‌.రావు అనే ఐ.ఏ.ఎస్‌. అధికారి అక్కడ మునిసిపల్ కమిషనరుగా వచ్చారు. ఆయన మంత్రాలేమీ వేయలేదు. రోజూ పొద్దున్నే అధికారులు ఆఫీసుగదులు వదిలి వీధుల్లో తిరగాలన్నారు. ఏ పేటకు ఏ అధికారి జవాబుదారో తేల్చిచెప్పారు. చెత్త రోడ్డు మీద పోసిన హోటళ్లకు పెద్దా చిన్నా చూడకుండా జరిమానాలు వేశారు. రెండేళ్లు తిరక్కముందే ఒక జాతీయ సంస్థ పరిశీలనలో సూరతు దేశంలో చండీగఢ్ తర్వాత పరిశుభ్రమైన నగరంగా నిలిచింది.

సూరతు పెద్ద నగరం, డబ్బున్న ఊరు అంటారేమో. అలాంటప్పుడు మన సూర్యాపేటను చూడవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో నల్గొండ జిల్లాలోని ఈ పట్నం జనాభా ఇరవై ఏళ్ల క్రితం లక్ష పైచిలుకు. 2011 లెక్కల్లో సుమారు 90 వేలున్న మన కావలికి కాస్త అటూ ఇటూ. అక్కడ 2003 తర్వాత ఎస్‌.ఏ.ఖాదర్ సాహెబ్ అనే కమిషనరు ఇల్లిల్లూ తిరిగి రెండు డబ్బాల పద్ధతి అలవాటు చేయించారు. తడి చెత్తను వానపాములతో ఎరువుగా మార్చారు. పొడి చెత్తను రకాలవారీగా వేరుచేసి అమ్మారు. వీధి మలుపుల్లో కుండీలనే తీసేశారు. కుండీ ఉంటే కదా దాని చుట్టూ గుట్ట పెరిగేది! పెద్ద యంత్రాలు, పెద్ద కాంట్రాక్టులు లేకుండానే ఆ పట్నం దేశమంతా వచ్చి చూసే పట్నమయింది.

ఈ రెండు చోట్లా చెత్త పొలిమేర దాటడం తగ్గింది. పుట్టినచోటే దాన్ని వేరు చేశారు. ఆపైన, ఫలానా పనికి ఫలానా మనిషి జవాబుదారు అని తేల్చారు. అసలు కిటుకు అదే.

యాచకులు ఎవరు?

చెత్త వస్తువు. దాన్ని వేరు చేయవచ్చు, ఎరువు చేయవచ్చు, అమ్మవచ్చు. మనిషి సంగతి అది కాదు. అందువల్ల ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం మానితే తప్ప రెండోదానికి దారి దొరకదు.

చేయి చాపిన ప్రతివాడూ ఒకే రకం కాడు. ధనుర్మాసంలో అక్షయపాత్ర తలమీద పెట్టుకుని వచ్చే హరిదాసును, సంక్రాంతికి గంగిరెద్దు తెచ్చేవాడిని మనం బిచ్చగాళ్లనుకోము. వారికి పెట్టేది మన పండుగలో భాగం. వారాలు చేసుకుని చదువుకున్న పెద్దలను గౌరవంగానే చెప్పుకుంటాము. గొలగమూడిలో నేడు వేల మంది కొలిచే వెంకయ్యస్వామి కూడా బతికున్న రోజుల్లో ఊరూరా తిరిగిన అవధూతే. మొదట్లో ఆయనను మతిస్థిమితం లేని మనిషని అనుకున్నవారు ఉన్నారని భక్తులే చెబుతారు. 1982లో ఆయన సమాధి చెందారు. ఇవాళ ఆయన పేర అన్నదానం జరుగుతోంది.

బస్టాండులో, గుడి మెట్ల మీద, దర్గా వాకిట కనిపించేవారిలో ముసలివాళ్లు ఉన్నారు. కొడుకులు పొలం పంచుకుని, తల్లిని పంచుకోలేక వదిలేసినవారు వారిలో ఉన్నారు. చేతివేళ్లు పోయిన కుష్ఠు బాధితులున్నారు. కాలో కన్నో పోయి పని దొరకనివారున్నారు. మతి చెదిరి, ఊరి పేరు కూడా చెప్పలేనివారున్నారు. తాగుడికి అడిగేవారూ ఉన్నారు. పిల్లలను అడ్డం పెట్టి అడుక్కునేవారూ ఉన్నారు. వీరందరికీ ఒకటే మందు ఎలా పనిచేస్తుంది?

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద బిచ్చగాళ్లు, దేశదిమ్మరుల కింద నమోదైనవారు 4,13,670 మంది. అందులో ఆడవాళ్లు సగానికి కాస్త తక్కువ. 120 కోట్లు దాటిన జనాభాలో ఇది ఎంత? దేశం మోయలేని బరువు కాదు. మొయ్యాలని ఎవరూ అనుకోని బరువు.

ఇదే వీధుల్లో మరో రకం మనుషులు కూడా కనిపిస్తారు. భుజాన గోతాం వేసుకుని చెత్తలో సీసాలు, అట్టలు, ఇనుము ఏరుకునేవారిని చాలామంది బిచ్చగాళ్ల కింద జమకట్టి కసురుకుంటారు. నిజానికి వారు పట్నానికి జీతం లేని పారిశుద్ధ్య సిబ్బంది. వారు ఏరి అమ్మిన ప్రతి కిలో పల్లె పొలిమేరకు చేరకుండా ఆగిన చెత్త. ఇలాంటివారిని గుర్తించి, చెత్త సేకరణ పనిలో కలుపుకోవాలని 2016 నిబంధనలే చెప్పాయి. మన చిన్న పట్నాల్లో ఆ పేర్లు రాసుకోవడానికి ఒక రిజిస్టరు తెరిస్తే చాలు, రెండు బాధల్లో కొంత ఒక్క దెబ్బతో తీరుతుంది.

అమ్మ పెట్టా పెట్టదు

భిక్షాటన నిరోధానికి మన రాష్ట్రంలో 1977 నుంచీ చట్టం ఉంది. 2025లో శాసనసభ దాన్ని సవరించి, కుష్ఠు వ్యాధి, మానసిక వ్యాధి ఉన్నవారిని కించపరిచే పాత మాటలను తీసివేసింది. మాటలు మారడం మంచిదే. అయితే ఈ తరహా చట్టాల నడక అంతటా ఒకటే. అడుక్కునేవారిని పట్టుకోవడం, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడం, వసతి గృహానికి పంపడం. పట్టుకునే అధికారం ప్రతిచోటా ఉంది. పంపడానికి వసతి గృహం మాత్రం చిన్న పట్నంలో కనిపించదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదని మనవాళ్లు చెప్పే సామెత ఇలాంటి చట్టం కోసమే పుట్టిందనిపిస్తుంది.

2017 నవంబరులో హైదరాబాదులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. విదేశీ ప్రముఖులు పాల్గొనే పెద్ద సదస్సుకు ముందు, నగరంలో బిచ్చమెత్తడాన్ని రెండు నెలలు నిషేధిస్తూ పోలీసులు ఉత్తర్వులిచ్చారు. రోడ్ల మీది యాచకులను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. మళ్లీ అడుక్కోబోమని రాయించుకుని చాలామందిని వదిలిపెట్టారు. సదస్సు అయిపోయింది, అతిథులు వెళ్లిపోయారు. ఆ నగరంలో బిచ్చం మాత్రం ఆగలేదు.

న్యాయస్థానాలు ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడాయి. అడుక్కోవడాన్ని నేరంగా చూసే సెక్షన్లు రాజ్యాంగానికి విరుద్ధమని 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. మరుసటి సంవత్సరం జమ్మూ కాశ్మీరు హైకోర్టు అదే చేసింది. కరోనా కాలంలో యాచకులను వీధుల్లో లేకుండా చేయాలని కొందరు సుప్రీంకోర్టుకు వెళితే, చదువూ పనీ లేకనే మనుషులు బిచ్చానికి దిగుతారని, ఇది సాంఘిక, ఆర్థిక సమస్య అని 2021 జులైలో ఆ కోర్టు చెప్పింది. వీధుల్లోంచి ఏరివేయమనే కోరికను అంగీకరించలేదు.

కావలికి తెలిసిన పాఠం

ఒక జాతి మనుషులను ఒకచోట కట్టివేస్తే ఊరు బాగుపడుతుందనే ఆలోచన మన తీరానికి కొత్త కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద బ్రిటిషు ప్రభుత్వం సంచార జాతుల కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టింది. బాపట్ల దగ్గర స్టువార్టుపురం అలా వెలసినదే. మన కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన ఎరుకల సెటిల్‌మెంటు కూడా ఆ కోవలోదే. పుట్టుకతోనే దొంగ అని ముద్ర, హాజరు పట్టీ, ఊరు కదలడానికి అనుమతి చీటీ. స్వతంత్రం వచ్చాక 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం తరాల తరబడి వదల్లేదు. ఉప్పు, ధాన్యం, బుట్టలు మోసుకుని ఊరూరా వ్యాపారం చేసుకున్న మనుషులను రైళ్లు, రోడ్లు వచ్చి బతుకు తప్పిస్తే, తిరుగుతున్నందుకే నేరస్థులన్నారు. బతుకుతెరువు పోవడం సంగతి ఎవరూ అడగలేదు. నేడు బస్టాండు బిచ్చగాడి విషయంలోనూ అడగడం లేదు.

పల్లెలు చేయగలిగినది

ఇందులో పల్లెల పాత్ర చిన్నది కాదు. పట్నం మెట్ల మీద కూర్చున్న ముసలమ్మ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఏదో ఒక పల్లె నుంచి వచ్చింది. ఆ పల్లె ఆమెను ఆపగలదు.

2024 జులై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000 రూపాయలు. కుష్ఠు వల్ల అవయవాలు దెబ్బతిన్నవారికి కూడా 6,000 రూపాయలు వస్తుంది. ఇంటికే తెచ్చిస్తున్నారు. కాని ఇల్లు, ఆధారు, రేషను కార్డు లేనివాడి ఇంటికి ఎవరు తెస్తారు? కార్డులో పేరు లేకపోవడం వల్ల పింఛను పోయిన మనిషి ఊళ్లో ఎవరున్నారో సచివాలయంలోని ఉద్యోగికంటే ముందు ఇరుగు పొరుగుకు తెలుస్తుంది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. కొడుకులు, కూతుళ్లు చూడకపోతే ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చు. వకీలు అక్కరలేదు. తమను చూసుకోవాలనే షరతుతో రాసిచ్చిన పొలమో ఇల్లో ఉంటే, మాట తప్పినప్పుడు ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. ముసలివారిని వదిలేసినవారికి మూడు నెలల జైలో, 5,000 రూపాయల జరిమానావో, రెండూనో. ఆసరా కోసం 14567 నంబరుకు ఫోను చేయవచ్చు. పొలం రాసిచ్చే ముందు ఆ షరతు కాగితంలో ఉందా అని చూసుకోమని పెద్దలకు చెప్పడం ఒక్కటే ఎందరినో గుడి మెట్ల దాకా పోకుండా ఆపుతుంది.

కుష్ఠుకు మందులు ఉచితం. ఆరు నెలల నుంచి ఏడాది వాడితే వ్యాధి నయమవుతుంది. మందు మొదలుపెట్టాక ఇతరులకు అంటదు. స్పర్శ లేని మచ్చ కనిపించిన రోజే ఆరోగ్య కేంద్రానికి పంపితే వేళ్లు పోవు, మనిషి ఊరు విడవడు.

పిల్లల చేత అడిగించడం వేరే సంగతి. అది దయతో చూడవలసిన పేదరికం కాదు, నేరం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలచేత బిచ్చమెత్తించేవారికి అయిదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. ఇందుకోసం బిడ్డను అవిటిని చేస్తే శిక్ష ఏడేళ్లకు తగ్గదు. అనుమానం వస్తే 1098కి ఫోను చేయాలి. ఆ పిల్లవాడి చేతిలో రూపాయి పెడితే అది వాడి యజమానికి పెట్టుబడి అవుతుంది.

దానం చేసే చేయి

దానం మానమని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు. అన్నం పెట్టే గుణం పోతే ఈ జిల్లాకు మిగిలేది ఏముంటుంది? అయితే దానం ఎలా చేస్తున్నామో చూసుకోవచ్చు. అన్నదానానికి ప్లాస్టిక్కు పళ్లెం బదులు విస్తరాకు వాడితే మర్నాడు ఆ ఆకు ఎరువవుతుంది. నెల్లూరులో రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర లక్షల మంది చేరినా, పారిశుద్ధ్య సిబ్బంది రాత్రింబగళ్లు వంతులవారీగా పనిచేసి నడిపిస్తారు. అయిదు రోజులు చేయగలిగిన ఏర్పాటును చిన్న తిరునాళ్లకు, చిన్న పట్నానికి కొద్ది పాళ్లలోనైనా ఎందుకు చేయరని అడగడం న్యాయమే.

భిక్షాటన నుంచి బయటపడేవారి కోసం 2022 ఫిబ్రవరిలో కేంద్రం స్మైల్ అనే పథకం తెచ్చింది. ఎవరు ఎందుకు అడుక్కుంటున్నారో ముందు సర్వే చేయడం, వసతి, వైద్యం, పని నేర్పడం అందులో ఉన్నాయి. అది పెద్ద నగరాలతో, పేరున్న యాత్రాస్థలాలతో మొదలైంది. కావలి వంటి ఊరికి అంత పథకం రాకపోయినా, బస్టాండులో, స్టేషనులో, గుళ్ల దగ్గర ఉన్నవారిని కూర్చోబెట్టి ఊరు, వయసు, జబ్బు, కార్డు ఉందా లేదా అని అడిగి రాసుకోవడానికి ఏ పథకం కావాలి? పేరు రాసుకున్న రోజున బిచ్చగాళ్ల గుంపు కాస్తా ఒక్కొక్క మనిషిగా విడిపోతుంది. ఒకరికి పింఛను, ఒకరికి ఆసుపత్రి, ఒకరికి ఆర్డీవో కార్యాలయం, ఒకరికి ఇంటికి పోయే రైలు టిక్కెట్టు. మిగిలే కొద్దిమందిలో దౌర్జన్యం చేసేవాడుంటే, అతని సంగతి పోలీసులు చూసుకుంటారు.

అడగవలసినవి

పట్నంవాసులు కౌన్సిలులో, పల్లె ప్రజలు గ్రామసభలో ఇకముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మా ఊరి చెత్త ట్రాక్టరు ఎక్కడ దించుతోంది, అది ఎవరి పొలిమేర? చెత్త నుంచి ఎరువు తయారీ పేరుతో పంచాయతీలో కట్టిన షెడ్డు నడుస్తోందా, తాళం వేసి ఉందా? 2021 నుంచి 2026 వరకు పదిహేనవ ఆర్థిక సంఘం గ్రామాలకు ఇచ్చిన నిధుల్లో అరవై శాతం మంచినీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు ఉండగా, మా పంచాయతీలో అందులో ఎంత చెత్త మీద ఖర్చు పెట్టారు? నిషేధించిన గ్లాసులు అమ్మే దుకాణం మీద ఎన్నిసార్లు జరిమానా వేశారు? గత ఏడాది వ్యాను ఎక్కించి పంపిన యాచకులు ఎక్కడ దిగారు?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన మనిషి పేరు పురపాలక సంఘం గోడ మీద రాసి ఉండాలి. లేకపోతే ఎవరికి వారే యమునా తీరే. చెత్త కోసం ఆరోగ్యాధికారి, యాచకుల కోసం సంక్షేమాధికారి అని విడివిడిగా రాయాలి. ఒకే వ్యానుకు, ఒకే డ్రైవరుకు రెండూ అప్పగించిన రోజున రెండూ పక్క ఊరికే చేరతాయి.

ఆ పక్క ఊరు ఈ పత్రిక చదువుతున్న మీ ఊరే కావచ్చు. బండి మీ పొలిమేరకు వచ్చినప్పుడు అవతలికి తోసేయకుండా, దాన్ని ఆపి, ఇందులో ఏముంది, ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు పంపారు అని అడిగితే చాలు. పని అక్కడినుంచి మొదలవుతుంది.